రోడ్డు మీద ఆపి ఫోన్ లాక్ తీయమంటే...

ప్రశ్న: సార్, నమస్కారం. నేను నల్గొండలో గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని. మా బాబు హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి టిఫిన్ చేసి బండి మీద రూమ్‌కి వస్తుంటే పోలీసులు ఆపారు. లైసెన్స్, ఆర్‌సీ చూశారు. మెషిన్‌లో ఊదమంటే ఊదాడు, ఏమీ రాలేదు. ఆ తర్వాత ఫోన్ లాక్ తీయమన్నారు. వాట్సాప్ తెరిచి ఏవో మాటలు టైప్ చేసి వెతికారు. ఫొటోలు కూడా చూశారు. పది నిమిషాలయ్యాక పొమ్మన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. కానీ అందులో వాడు ఒక అమ్మాయితో మాట్లాడుకున్న మెసేజీలు ఉన్నాయట. చదివి నవ్వుకున్నారట. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నాడు.

మా వారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం డ్యూటీ మీద ఆ దారిలోనే ఉన్నారు. "తప్పు చేయనోడికి భయమెందుకు? నాలుగు ఫోన్లు చూస్తే ఒక ప్రాణం దక్కుతుందంటే, ముందు నా ఫోన్ చూడమను" అంటారు. బాబు "అది నా ఫోన్ నాన్నా" అంటాడు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా కాలనీ సంఘానికి నేను ట్రెజరర్‌ని. ఈమధ్య గొలుసు దొంగతనం జరిగింది. వీధివీధికీ సీసీ కెమెరాలు పెట్టి, అందరూ ఫోన్లలో చూసుకునేలా లింక్ ఇవ్వాలని సెక్రటరీ గారి పట్టు. ఆడపిల్లలున్న రెండు కుటుంబాలవాళ్లు వద్దంటున్నారు. వచ్చే ఆదివారం మీటింగ్. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తోంది. ఏం చేయాలో చెప్పండి.

— ఒక టీచర్, నల్గొండ

జవాబు: టీచర్ గారూ,

ఆ రాత్రి మీ అబ్బాయిని పోలీసులు అడిగినవి నాలుగు: లైసెన్స్, ఆర్‌సీ, ఊపిరి, ఫోన్. మొదటి మూడింటికీ చట్టంలో చోటుంది. నాలుగోదానికి లేదు.

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతుంది. ఊదించే అధికారం 203వ సెక్షన్‌లో ఉంది. తాగి ఉన్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉండాలని అందులో రాసి ఉంది కానీ, మన డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో వచ్చినవాణ్ని వచ్చినట్టు ఊదించడం అలవాటైపోయింది. దాని సంగతి అలా ఉంచుదాం. ఆ మెషిన్ చెప్పేది ఒక్కటే అంకె. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే. ఎవరితో తాగాడు, ఎందుకు తాగాడు, ఎవరిని తలుచుకుని తాగాడు అనేది దానికి తెలియదు. పైగా ఆ అంకె కాగితం మీద ఉంటుంది. నచ్చకపోతే కోర్టులో కొట్లాడొచ్చు.

ఫోన్ తనిఖీకి ఇలాంటి హద్దేమీ లేదు. ఏం వెతుకుతున్నారో చెప్పరు, ఎక్కడ ఆపాలో ఎవరూ గీత గీయలేదు, చూసినట్టు ఎక్కడా రాయరు. రేపు ఎవరైనా అడిగితే అసలు చూడనే లేదనొచ్చు.

పోలీసులు ఎప్పటికీ ఫోన్ ముట్టుకోకూడదని నేను అనడం లేదు. కేసు నమోదై, అందులో ఫోన్ అవసరమైతే, దాన్ని తెచ్చి ఇమ్మని, పోలీసులూ కోర్టులూ నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగొచ్చు. దర్యాప్తులో వారెంట్ తెచ్చుకునే టైమ్ లేకపోతే 185వ సెక్షన్ కింద సోదా చేయొచ్చు. అయితే ముందు కారణం రాసి పెట్టాలి. 2024 జులై 1 నుంచి 105వ సెక్షన్ కూడా వచ్చింది. సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. వీడియో మొబైల్ ఫోన్‌తో తీస్తే మంచిదని ఆ సెక్షనే చెబుతోంది. అంటే చట్టం ప్రకారం అక్కడ ముందు బయటికి రావాల్సింది పోలీసాయన ఫోన్.

గంజాయి కోసం వెతికి ఉంటారు. ఆ బెడద నిజమైనదే, దాని మీద పోలీసులు కష్టపడుతున్న మాటా నిజమే. గంజాయి విషయంలో 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) పోలీసులకి గట్టి అధికారాలే ఇచ్చింది. నమ్మదగ్గ కారణం ఉంటే బహిరంగ స్థలంలోనే పట్టుకుని సోదా చేయొచ్చు. కానీ అంత గట్టి చట్టం కూడా ఒంటి మీద సోదా చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ చేయించుకునే హక్కు నీకుందని చెప్పి తీరాలంటుంది. జేబు తడమడానికే ఇంత తతంగం పెట్టిన చట్టం, జేబులోని ఫోన్‌లో ఉన్న జీవితమంతా తిరగేయడానికి ఎవరికీ ఊరికే అనుమతి ఇవ్వలేదు.

ఇది కొత్త గొడవేం కాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారిన పోయేవాళ్లని ఆపి వాట్సాప్ చాట్లలో గంజాయి అనే మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. అప్పుడు పోలీసుల వైపు నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, ఎవరినీ బలవంతం చేయడం లేదు, జనమే సహకరిస్తున్నారు అని. రాత్రి పదకొండున్నరకి, బండి తాళం వాళ్ల చేతిలో ఉండగా, ఇరవై ఒక్కేళ్ల పిల్లాడు చేసే సహకారం ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మరి ఇంకోసారి ఆపితే ఏం చేయాలి? మర్యాదగా ఉండమనండి. కాగితాలు చూపించాలి, డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. ఊదమంటే ఊదాలి. ఫోన్ అడిగితే "సార్, కేసేమైనా ఉంటే నోటీసు ఇవ్వండి, స్టేషన్‌కి వచ్చి ఇస్తాను" అనాలి. గొంతు పెంచకుండా, సెక్షన్లు అప్పజెప్పకుండా, ఒకే ఒక్కసారి. పేరు, ఏ స్టేషనో అడగాలి. ఆ తర్వాత కూడా తీయాల్సిందేనని మీదికొస్తే పెనుగులాడొద్దు, పారిపోవద్దు. ఇందాక చెప్పిన నాగరిక్ సురక్షా సంహితలోనే 172వ సెక్షన్ అని ఒకటుంది. నేరాలు జరగకుండా చూసే పనిలో పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని కాదన్నవాణ్ని పట్టుకెళ్లి, మేజిస్ట్రేట్ ముందు పెట్టడమో, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలేయడమో చేయొచ్చు. ఫోన్ తీయమనడం చట్టబద్ధమైన ఆదేశమా అని తర్వాత కోర్టులో వాదించుకోవచ్చు. ఆ రాత్రి రోడ్డు మీద మాత్రం వాదన గెలిచేది వాళ్లే. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయొచ్చా అనే దాని మీద కోర్టులే ఒక్క మాట మీద లేవు. కర్ణాటక హైకోర్టు 2021లో సెర్చ్ వారెంట్ ఉంటే చెప్పాల్సిందేనన్నట్టు తీర్పిచ్చింది. ఢిల్లీలో ఒక సీబీఐ కోర్టు మరుసటి ఏడాది చెప్పనక్కర్లేదంది. గమనించండి, ఆ రెండూ నమోదైన కేసుల గురించే. కేసే లేకుండా ఇడ్లీ తిని ఇంటికొస్తున్నవాడి గురించి కావు.

ఇంటికొచ్చాక తేదీ, టైమ్, స్థలం, బండి నంబరు, ఎవరేమన్నారో అదే రాత్రి రాసి పెట్టుకోవాలి. జరిగినదాని మీద పై అధికారికి ఒక ఉత్తరం రాయొచ్చు. కేసు పెట్టాలనే పట్టుదల లేకపోతే కనీసం పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. దారిన పోయేవాళ్ల ఫోన్లు ఏ సెక్షన్ కింద చూస్తున్నారు, అలా చూడమని ఉత్తర్వు ఉంటే కాపీ ఇవ్వండి అని. ఈ రెండు ప్రశ్నలే చాలు. ఉచిత న్యాయ సహాయం కావాలంటే 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కలుపుతారు.

ఇక మీ వారి మాట. దాన్ని తేలిగ్గా తీసేయలేను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ దారిలో ఉన్న మనిషికి భద్రత అనేది పుస్తకంలో మాట కాదు. 107 బస్టాప్ దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్లకి పెట్టిన బాంబులు. 18 మంది పోయారు. వాళ్లలో చాలామంది బస్సు కోసమో, బజ్జీల కోసమో నిలబడ్డవాళ్లు. ఆర్టీసీ ఉద్యోగికి ఆ స్టాపులో నిలబడేవాళ్ల మొహాలు కూడా గుర్తుంటాయి.

అయితే ఆ కేసు ఎలా తేలిందో ఆయనకి గుర్తు చేయండి. జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ దర్యాప్తు చేసింది. ప్రధాన నిందితులు ఇద్దరు అదే ఏడాది ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర దొరికారు. 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఇందులో ఎక్కడా అర్ధరాత్రి కాలేజీ పిల్లల ఫోన్లు తిరగేయడం లేదు. ఓపిగ్గా చేసిన దర్యాప్తు ఉంది, కోర్టు ముందు నిలబడ్డ సాక్ష్యం ఉంది.

దానికి ఆరేళ్ల ముందు ఇదే ఊళ్లో ఇంకో రకంగా జరిగింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పాతబస్తీ కుర్రాళ్లని అనుమానం మీద పట్టుకెళ్లారు, జైళ్లలో పెట్టారు. తర్వాత కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. దర్యాప్తు చేతులు మారి ఇంకోవైపు తిరిగింది. చివరికి 2018లో, విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే మసీదులో చనిపోయినవాళ్ల ఇళ్లకి ఇప్పటికీ జవాబు లేదు. తొందరపడి ఎవరినో ఒకరిని అనుమానించడం వల్ల పోయింది ఆ కుర్రాళ్ల స్వేచ్ఛ ఒక్కటే కాదు. అసలు దొంగ దొరికే అవకాశం కూడా వాళ్లతోపాటే పోయింది. మీ వారు కోరుకునే భద్రతకి జరిగిన నష్టం అది.

"తప్పు చేయనోడికి భయమెందుకు" అనేదానికి అరవై ఏళ్ల కిందటే ఒక తెలుగాయన జవాబిచ్చారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా, నేరాలు చేసే అలవాటున్నవాళ్ల మీద పోలీసులు రాసిపెట్టుకునే హిస్టరీ షీట్ తెరిచి నిఘా పెట్టారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టేవారు, ఊరెళ్తే ఎక్కడికెళ్తున్నావో చెప్పి వెళ్లమనేవారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీలూ రాత్రిపూట ఇంటికి రావడం తప్పన్నారు. మిగతా నిఘా విషయంలో మాత్రం నలుగురు పర్వాలేదన్నారు, మన రాజ్యాంగంలో వ్యక్తిగత గోప్యత హక్కు లేదన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో నిలబడ్డారు. పోలీసు కళ్లు వెంటాడుతుండగా తిరిగే తిరుగుడు స్వేచ్ఛగా తిరగడం కాదని, అలాంటివాడికి దేశమంతా జైలేనని సుబ్బారావు గారు రాశారు. ఆయనది మైనారిటీ తీర్పు, ఓడిపోయింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనంటూ ఆ పాత మెజారిటీ మాటని తోసేశారు, సుబ్బారావు గారి వైపుకొచ్చారు. మీ అబ్బాయి "అది నా ఫోన్ నాన్నా" అన్నప్పుడు, తెలిసో తెలియకో ఆయన మాటే అన్నాడు.

పుట్టస్వామి తీర్పు ప్రభుత్వం చేతులు కట్టేయలేదు. గోప్యతలోకి రావాలంటే ముందు చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి రాకూడదు అంది. ఆ రాత్రి తనిఖీ ఈ మూడింట్లో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

మీ వారు ముందు నా ఫోన్ చూడమను అన్నారు. ఆయన నిజాయితీ మీద నాకేం అనుమానం లేదు. కానీ ఆయన ఫోన్‌లో ఉన్నది ఆయన ఒక్కడేనా? మీ బ్యాంకు ఓటీపీలు ఉంటాయి. ఆస్పత్రి రిపోర్టులు ఉంటాయి. పాత డిపో స్నేహితులు కష్టసుఖాలు చెప్పుకున్న గ్రూపు ఉంటుంది. మీ అబ్బాయి సంగతే తీసుకోండి. మెసేజీలు రాసిన ఆ అమ్మాయిని ఏ చెక్‌పోస్టులోనూ ఎవరూ ఆపలేదు, ఏ పోలీసూ ఆమెని ఏమీ అడగలేదు. అయినా ఆమె మాటలు నలుగురు మగాళ్లు చదివి నవ్వారు. ఆమె తప్పు చేసిందా? మీ అబ్బాయిని కుంగదీస్తున్నది తనకి జరిగింది కాదేమో, ఆ అమ్మాయికి తన ఫోన్ ద్వారా జరిగింది అయి ఉంటుంది. ఈ కోణంలో ఒకసారి వాడితో మాట్లాడి చూడండి. మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే ఇంకా మంచిది.

ఇంకోమాట, కాస్త కటువుగా ఉంటుంది. మనలాంటివాళ్లం భద్రత కోసం వదులుకుంటాం అనే స్వేచ్ఛ చాలాసార్లు మనది కాదు. హైదరాబాద్‌లో కార్డన్ సెర్చ్‌లు ఎక్కడ జరుగుతాయో పేపర్లో చూడండి. తెల్లవారక ముందే బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తలుపు కొట్టి, ఆధార్ చూపించమని, బండి కాగితాలు తెమ్మని అడుగుతారు. జూబ్లీహిల్స్‌లో బంగళాల తలుపులు ఆ వేళకి అలా కొట్టరు. నేరాలు చేసేవాళ్లు అక్కడ లేకనా? మీ అబ్బాయి బీటెక్ విద్యార్థి, టీచరమ్మ కొడుకు, పది నిమిషాల్లో వదిలేశారు. అదే వలస కూలీ అయితే, మాట సరిగ్గా రాని ఒడియా కుర్రాడైతే, ఆ పది నిమిషాలు ఎంతసేపవుతాయో మీ వారినే ఊహించమనండి. రాత్రి ఆఖరి ట్రిప్పులో అలాంటివాళ్లని ఎంతమందిని ఎక్కించుకుని ఉంటారో ఆయన.

అధికారం ఇవ్వాలా వద్దా అని కొట్టుకోవడం వల్ల ఉపయోగం లేదని నా అభిప్రాయం. ఇచ్చిన అధికారం వాడినప్పుడు రాత మీద ఉంటోందా, దాన్ని తర్వాత ఇంకెవరైనా చదివి ప్రశ్నించగలరా అనేది అసలు సంగతి. మన రాష్ట్రం నుంచే చెబుతాను. పీడీ యాక్ట్ మీకు తెలిసిందే, 1986 నాటి చట్టం. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. ఇంతకంటే పెద్ద అధికారం ఏముంటుంది? తెలంగాణలో దాన్ని ఎడాపెడా వాడేస్తున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది, ముందున్న నిర్బంధ ఉత్తర్వుని కొట్టేసింది. ఎలా కొట్టేయగలిగింది? ఉత్తర్వు కాగితం మీద ఉంది, కారణాలు రాసి ఉన్నాయి, ఆ కారణాలు చాలవని కోర్టు చదివి చెప్పగలిగింది. ఫోన్ ట్యాపింగ్ కూడా అంతే. హోం సెక్రటరీ స్థాయిలో రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, రెండు నెలలకి మించి చెల్లకూడదు, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, సమీక్ష కమిటీ చూడాలి అని 1996లో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. చిత్రం ఏమిటంటే అదీ డిసెంబరు 18నే. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి అనే డీకే బసు తీర్పు కూడా అదే రోజు వచ్చింది. 2024 మార్చిలో మన దగ్గర బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసులో ఆరోపణ ఏమిటో గుర్తుందా? ప్రతిపక్షాలవాళ్ల ఫోన్లు విన్నారన్నది ఒకటి. ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది రెండోది. కేసు ఇంకా తేలాల్సి ఉంది కాబట్టి ఎవరు తప్పు చేశారో నేను చెప్పను. కానీ రికార్డు మాయమైతే ఎవరు విన్నారో, ఎవరివి విన్నారో, దేశ భద్రత కోసం విన్నారో పార్టీ కోసం విన్నారో చెప్పేవాడే ఉండడు.

"పోలీసులని పని చేసుకోనివ్వరా" అని మీ వారు అంటే, 2019 డిసెంబరు ఆరున చటాన్‌పల్లి దగ్గర ఏం జరిగిందో అడగండి. పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకూ తెలుసు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత ఏం తేల్చిందంటే, అది కావాలని కాల్చిన కాల్పులని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని. విచారణ జరిగి ఉంటే నేరం రుజువయ్యేది, లేదా రుజువు కాకపోతే ఇంకెవరో బయట తిరుగుతున్నారని తెలిసేది. ఇప్పుడు రెంటికీ దారి లేదు.

సరే, మీ కాలనీకి వద్దాం. ఉత్తరంలో ఇది చివర రాశారు కానీ, అన్నిటికంటే మీ చేతిలో ఉన్నది ఇదే. ఇక్కడ నిఘా పెట్టేది పోలీసులు కాదు, మీరే.

కెమెరాలు వద్దని నేను అనను. ముందు గొలుసు దొంగతనం ఎలా జరుగుతుందో చూడండి. పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడో, పాల ప్యాకెట్ తెచ్చుకునేటప్పుడో, దొంగిలించిన బండి మీద హెల్మెట్ పెట్టుకుని వస్తారు. అర నిమిషంలో అయిపోతుంది. ఆ వేళకి మీ సెక్రటరీ గారితో సహా ఎవరూ ఫోన్‌లో వీధి చూస్తూ కూర్చోరు. కాబట్టి లింక్ వల్ల దొంగతనం ఆగదు. పనికొచ్చేది ఏమిటంటే, కాలనీలోకి వచ్చే, పోయే దారుల్లో బండి నంబరు చీకట్లో కూడా పడేలా పెట్టిన మంచి కెమెరాలు. వాటిని నంబరు ప్లేటు కనిపించే ఎత్తులో, వెలుతురు ఉన్నచోట పెట్టాలి. స్తంభం మీద బాగా ఎత్తున పెడితే హెల్మెట్ల నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా చూసుకోండి. చాలా కాలనీల్లో కెమెరా చందా వసూలవుతుంది గానీ పోయిన బల్బు మారదు.

అందరి ఫోన్లలో లింక్ పెడితే ఏం జరుగుతుందో మీ ఆడపిల్లల తల్లిదండ్రులకి తెలుసు, అందుకే వద్దంటున్నారు. ఫలానా అమ్మాయిని ఎవరో బండి మీద దింపారు, ఫలానా ఇంటికి పగలు ఎవరో వచ్చారు, ఫలానా కోడలు ఏడుస్తూ బయటికొచ్చింది. వారం తిరక్కుండా ఇవే కాలనీ కబుర్లవుతాయి. అసలు దొంగ మాత్రం వీటిలో ఎక్కడా ఉండడు. రోజూ ఎవరు చూస్తున్నారో తెలియని వీధిలో నడిచే పిల్లకి అది కూడా ఒక హిస్టరీ షీటే.

కాబట్టి ఆదివారం మీటింగ్‌లో లింక్ వద్దని మీరు అనండి. ఎవరికీ వద్దు, సెక్రటరీ గారికి కూడా వద్దు. కెమెరాలు గేట్ల దగ్గర, మలుపుల దగ్గర ఉంటే చాలు. ఎవరి గుమ్మమూ, బాల్కనీ, కిటికీ అందులో పడకూడదు. ఇన్‌స్టాల్ చేసేవాళ్లు వచ్చినప్పుడు ఆ రెండు కుటుంబాలవాళ్లని పక్కనే నిలబెట్టి మానిటర్‌లో చూపించండి. మాటలు రికార్డయ్యే మైకు ఉంటే తీయించేయండి. ఫుటేజీ రికార్డు చేసే డీవీఆర్ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఫుటేజీ 30 రోజులకి దానంతటదే చెరిగిపోయేలా సెట్ చేయించండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం పోగయ్యే పెద్ద సంస్థలని కూడా అడిగింది ఆ 30 రోజులే. కాలనీకి అంతకంటే అక్కర్లేదు.

ఫుటేజీ చూడాల్సి వస్తే కమిటీలో ఇద్దరు కలిసి చూడాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎందుకు చూశారో రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. పోలీసులు అడిగితే ఇవ్వండి, సంకోచించకండి. కాకపోతే స్టేషన్ నుంచి కాగితం తీసుకుని, కాపీ ఇచ్చినట్టు సంతకం పెట్టించుకుని ఇవ్వండి. నా అనుభవంలో మంచి ఎస్సైలు దీనికి విసుక్కోరు, రేపు కోర్టులో ఆ ఫుటేజీ నిలబడాలంటే వాళ్లకీ అదే కావాలి. క్లిప్పులు వాట్సాప్ గ్రూపులో పెట్టినవాళ్ల మీద ఏం చర్య తీసుకుంటారో కూడా ముందే తేల్చుకోండి. లేకపోతే మొదటి క్లిప్ పెట్టేది కమిటీ సభ్యుడే అవుతాడు.

సెక్రటరీ గారు "మనలో మనకి ఈ రాతకోతలెందుకమ్మా, మా మీద నమ్మకం లేదా" అంటారు. తప్పకుండా అంటారు. మీరు ట్రెజరర్ కదా, మీ మీద ఎంత నమ్మకమున్నా సంఘం మీ క్యాష్ బుక్ ఏటా ఆడిట్ చేయిస్తోందని, మీకేమీ బాధ కలగలేదని చెప్పండి. చర్చ అయ్యాక తీర్మానాన్ని అప్పటికప్పుడే మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ రెండు కుటుంబాలవాళ్లతో కూడా సంతకాలు పెట్టించండి. కెమెరాల అడ్వాన్స్ చెక్ ఆ తర్వాతే రాయండి.